బ్యాంకు గ్యారంటీలో ‘వితౌట్ ఎనీ డిమర్’ అంటే ఏమిటి? ఆ డిమర్‌ని మనం ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు చెన్నై అంబత్తూరులో కాంట్రాక్టు పనులు చేసే కంపెనీలో కొత్తగా చేరారు. టెండరు కోసం తయారైన బ్యాంకు గ్యారంటీ ముసాయిదాలో, బ్యాంకు సొమ్ము ‘వితౌట్ ఎనీ డిమర్’ చెల్లిస్తుందని ఉంది. డిక్షనరీలో చూస్తే ఒకచోట ‘అభ్యంతరం చెప్పు’, ఇంకోచోట ‘వెనకాడు’ అని ఉంది. గూగుల్ చేస్తే డిమ్యూర్ అనే వేరే మాట వచ్చి పడుతోంది. మీ మేనేజరుగారు క్లయింటుకు రాసిన ఉత్తరంలో ‘వుయ్ డిమర్ ది క్లాజ్ 12’ అని పెట్టారు. అది సరైన ఇంగ్లీషేనా? హార్బరు వాళ్ళు ఆలస్యానికి వసూలు చేసే డెమరేజికీ దీనికీ చుట్టరికం ఉందా?

ముందు జవాబు. డిమర్ (demur) అంటే మెత్తగా, కాస్త మొహమాటంగా అడ్డుచెప్పడం, ఊఁ అనడానికి తటపటాయించడం. ‘వితౌట్ డిమర్’ అంటే కిమ్మనకుండా, మారుమాట్లాడకుండా. మేనేజరుగారి వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పు. అంతకంటే ముఖ్యంగా ఆ సందర్భంలో వాడాల్సిన మాటే అది కాదు. డెమరేజితో చుట్టరికం మాత్రం నిజం.

డిక్షనరీలో రెండు అర్థాలు కనిపించినా అవి విడివిడి అర్థాలు కావు. ఆ వెనకాడటంలోనే అభ్యంతరం ఉంది. సైటు మీటింగులో పెద్దాయన ‘ఈ నెలంతా ఆదివారాలు కూడా పని నడుపుదాం’ అన్నారనుకోండి. ఒకరు ‘కుదరదండీ’ అని తేల్చేస్తే అది రెఫ్యూజ్. ఇంకొకరు ‘ఇది ఒప్పందానికి విరుద్ధం, రాసుకోండి’ అంటే అది ఆబ్జెక్ట్. మూడో ఆయన ‘అంటే... అది కాదు సార్, ఆదివారం కూలీలు దొరకడం...’ అని నీళ్ళు నమిలాడు చూశారా, ఆయన చేసింది డిమర్. కాదన్నాడని చెప్పలేం, అవునని అసలే అనలేదు. నసగడం, సణగడం దీనికి దగ్గరగానే ఉంటాయి గానీ వాటిలో చిరాకు పాలు ఎక్కువ. డిమర్‌లో మర్యాద ఉంటుంది.

ఇంగ్లీషు పత్రికల్లో ఇంకో వాడకం కనిపిస్తుంది. ఒక నాయకుణ్ణి ‘మీరు పోటీ చేస్తున్నారా?’ అని అడిగితే ‘హీ డిమర్డ్’ అని రాస్తారు. అంటే జవాబు చెప్పకుండా మర్యాదగా తప్పించుకున్నాడని. ఎవరినైనా బాగా పొగిడినప్పుడు వాళ్ళు ‘అబ్బే, నాదేముందండీ’ అంటే అక్కడ కూడా ఇదే క్రియ వేస్తారు. ఆ వాక్యాలను ‘ఆక్షేపించాడు’ అని తెలుగు చేస్తే అర్థం చెడుతుంది. ‘దాటవేశాడు’, ‘సున్నితంగా కాదన్నాడు’ అనాలి.

పలకడం, రాయడం. రిఫర్, ప్రిఫర్, అకర్ ఎలా పలుకుతామో డిమర్ అలాగే. ఒత్తు రెండో భాగం మీద పడుతుంది. అందుకే భూతకాలంలోనూ, ‘ఇంగ్’ చేర్చినప్పుడూ చివరి ‘ఆర్’ రెండుసార్లు వస్తుంది, రిఫర్డ్, రిఫరింగ్‌లలో వచ్చినట్టే. మర్మర్ అనే మాటకు అలా రాదు. దానికి ఒత్తు మొదటి భాగం మీద ఉంది కాబట్టి ఒక్క ‘ఆర్’తో సరిపెడతారు. ఈ తేడా గుర్తుంటే స్పెల్లింగు చూసుకునే పని ఉండదు.

చివర ‘ఈ’ చేరిస్తే అది డిమ్యూర్ అవుతుంది. అది క్రియ కాదు, విశేషణం. అణకువగా, ఒద్దికగా ఉండటం అని అర్థం. 2024లో సోషల్ మీడియాలో ఆ మాట విపరీతంగా తిరిగింది, ఆ ఏడాది మాటగా డిక్షనరీ డాట్ కామ్ దాన్నే ఎంచుకుంది. మీ సెర్చిలో ముందు అదే రావడం అందుకే. ఇక్కడ కంప్యూటరు స్పెల్‌చెక్కును నమ్ముకోవద్దు. ‘వితౌట్ ఎనీ డిమ్యూర్’ అని టైపు చేసినా దానికి తప్పు కనబడదు, ఎందుకంటే రెండూ ఉన్న మాటలే. ‘వితౌట్ ఎనీ డెమరేజ్’ అని పడినా అంతే, ఎర్రగీత రాదు. గ్యారంటీ స్టాంపు పేపరు మీదికెక్కాక క్లయింటు ఆఫీసు దాన్ని తిప్పి పంపితే బ్యాంకు నుంచి సవరణ ఉత్తరం తెప్పించాలి, టెండరు గడువేమో ఆగదు. ముసాయిదా దశలోనే ఆ ఒక్క పదాన్ని అక్షరం అక్షరం చూసుకోండి.

వ్యాకరణం. డిమర్ అకర్మక క్రియ. దాని వెనుక నేరుగా కర్మ రాదు. ‘డిమర్ ది క్లాజ్’ అన్నా, ‘డిమర్ ది ప్రపోజల్’ అన్నా తప్పే. మధ్యలో ‘ఎట్’ గానీ ‘టు’ గానీ ఉండాలి: ‘ది కాంట్రాక్టర్ డిమర్డ్ ఎట్ ది ప్రపోజల్’. పని గురించి చెప్పాలంటే ‘డిమర్డ్ ఎట్ సైనింగ్’. మన ఆఫీసుల్లో ‘డిమర్డ్ టు పే’ అని రాస్తుంటారు. ‘రెఫ్యూజ్డ్ టు పే’ అలవాటై అలా వస్తుంది, అయినా సరి కాదు. ఇందాకటి ‘టు’ వెనుక రావలసింది నామవాచకం, క్రియ కాదు. ‘డిమర్డ్ పేమెంట్’ అని రాస్తే మాత్రం రాసినవాళ్ళ మనసులో ఉన్నది డిఫర్డ్, అంటే వాయిదా వేసిన చెల్లింపు. ఆ రెండూ కలగాపులగమైతే లెక్కల విభాగం వేరే అర్థం తీసుకుంటుంది.

నామవాచకంగా కూడా డిమర్ అనే అంటారు, కానీ అది దాదాపు ఎప్పుడూ ‘వితౌట్’ తోడుతోనే వస్తుంది. ‘హీ మేడ్ ఎ డిమర్’ లాంటివి ఇవాళ ఎవరూ రాయరు. కావాలంటే డిమరల్ అనే రూపం ఉంది.

ఇక అసలు సంగతి, బ్యాంకు గ్యారంటీ. మెత్తటి అభ్యంతరం అని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా, దానికి ‘వితౌట్’ తగిలించగానే అది కాగితంలో అన్నిటికంటే కఠినమైన మాట అయి కూర్చుంటుంది. గట్టి అభ్యంతరం సంగతి పక్కనబెట్టండి, నీళ్ళు నమలడానికి కూడా వీల్లేదు అని దాని అర్థం.

మామూలు హామీ ఎలా ఉంటుందో ముందు చూడండి. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్టు 126వ సెక్షను హామీ ఒప్పందాన్ని నిర్వచిస్తుంది. అందులో ముగ్గురు: అప్పు ఉన్నవాడు, రావలసినవాడు, మధ్యలో హామీ ఉన్నవాడు. చీటీ పాడుకున్నవాడికి మీరు హామీ సంతకం పెట్టారనుకోండి. డబ్బు కట్టమని మీ మీదికొస్తే ‘అతను అసలు ఎంత బాకీ? లెక్క చూపించండి’ అని వాదించే దారి మీకు కొంత ఉంటుంది. షరతుల్లేని బ్యాంకు గ్యారంటీలో బ్యాంకు ఆ దారి వదులుకుంటుంది. కాంట్రాక్టరు పని చేశాడా లేదా, తప్పు ఎవరిది, ఆర్బిట్రేషను (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర విచారణ) నడుస్తోందా అన్న గొడవలతో దానికి నిమిత్తం లేదు. క్లయింటు అడగడం, బ్యాంకు ఇవ్వడం, అంతే. ప్రభుత్వ నమూనాల్లో ‘వితౌట్ ఎనీ డిమర్’ పక్కనే ‘మియర్లీ ఆన్ ఎ డిమాండ్’ అని ఉంటుంది చూడండి. అడిగినంత మాత్రాన అని. ఈ రెండు పదబంధాలూ జంటగా పనిచేస్తాయి. మొదటిది బ్యాంకు నోరు కట్టేస్తే, రెండోది క్లయింటు రుజువులు చూపించాల్సిన అవసరం తీసేస్తుంది.

అలాగని బ్యాంకు కళ్ళు మూసుకుని చెక్కు రాసేయదు. అడిగిన ఉత్తరం గ్యారంటీలోని మాటలకు సరిపోతోందా అని చూస్తుంది: రాతపూర్వకంగా ఉందా, సొమ్ము హద్దులోనే ఉందా, గడువు తేదీలోపల చేరిందా, సంతకం పెట్టింది అధికారం ఉన్నవాళ్ళేనా, గ్యారంటీలో చెప్పిన బ్రాంచికే వచ్చిందా. నష్టం జరిగిందని ఒక వాక్యం రాయాలని నమూనాలో ఉంటే ఆ వాక్యం ఉందా అనీ చూస్తుంది. ఇవి డిమర్ కిందికి రావు, కాగితం సరిచూసుకోవడం కిందికి వస్తాయి. ఇవన్నీ కుదిరాక ‘మా కస్టమరు వద్దంటున్నాడండీ’ అని బ్యాంకు రాస్తే అదీ డిమర్.

అందుకే, గ్యారంటీని క్లయింటు ఇన్వోక్ చేశాడని, అంటే సొమ్ము కట్టమని బ్యాంకును అడిగాడని తెలియగానే బ్యాంకు మేనేజరుకు ‘దయచేసి చెల్లించవద్దు’ అని ఉత్తరం రాసి నిశ్చింతగా కూర్చోవడం కాంట్రాక్టర్లు చేసే పెద్ద పొరపాటు. ఆ ఉత్తరం విలువ సున్నా. సొమ్ము చేతులు మారకముందే కోర్టు నుంచి ఇంజంక్షను, అంటే ఆపమనే ఉత్తర్వు తేవాలి. అది కూడా సులువుగా రాదు. సుప్రీంకోర్టు తీర్పుల్లో స్థిరపడిన మినహాయింపులు ప్రధానంగా రెండే: గ్యారంటీ పునాదినే కూల్చేసేంత ఘోరమైన మోసం, లేదా తర్వాత ఏ విధంగానూ పూడ్చలేని అన్యాయం. ‘బిల్లులు మాకే రావాలి, పని ఆలస్యానికి కారణం వాళ్ళే’ అనే వాదన ఎంత నిజమైనా ఈ రెంటిలో ఇమడదు. దాన్ని ఆర్బిట్రేషనులో తేల్చుకుని డబ్బు వెనక్కి రాబట్టుకోవాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చాలామంది గమనించరు. ‘వితౌట్ డిమర్’, ‘అన్‌కండిషనల్’ అని మాటలు ఉన్నంత మాత్రాన గ్యారంటీ షరతుల్లేనిది అయిపోదు. హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీకీ బిహార్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ఆ గ్యారంటీలో ‘అన్‌కండిషనల్లీ అండ్ ఇర్రివోకబ్లీ’ అనే ఉంది, కానీ వెంటనే ‘కాంట్రాక్టులో ఫలానా క్లాజు కింది బాధ్యతలు కాంట్రాక్టరు నెరవేర్చని పక్షంలో’ అనే అర్థం వచ్చే మాటలు కూడా ఉన్నాయి. ఆ చివరి మాటలు మొదటి మాటల పదును తగ్గించాయని, అది షరతు ఉన్న గ్యారంటీయే అని కోర్టు అంది. కాబట్టి డిమర్ కనబడగానే చదవడం ఆపకుండా ఫుల్‌స్టాప్ దాకా వెళ్ళండి. ‘ఇన్ ది ఈవెంట్ దట్’, ‘సబ్జెక్ట్ టు’, ‘ప్రొవైడెడ్ దట్’ లాంటివి ఎక్కడైనా ఉన్నాయా చూడండి.

‘అయితే ఆ మాటే తీసేయమని అడగొచ్చా?’ అంటారేమో. ప్రభుత్వ టెండర్లలో నమూనా ముందే ఖాయమై ఉంటుంది. దాన్ని మార్చి ఇస్తే బిడ్డునే పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. ప్రైవేటు క్లయింటు దగ్గర అడగొచ్చు గానీ, ఆ మాట కోసం పట్టుబట్టడం కంటే దాని చుట్టూ ఉన్నవి సరిచేయించుకోవడం మేలు. పని ముందుకు సాగేకొద్దీ గ్యారంటీ సొమ్ము తగ్గుతూ వచ్చే ఏర్పాటు, ఇన్వోక్ చేసేముందు కాంట్రాక్టరుకు 15 రోజుల నోటీసు ఇవ్వాలని అసలు కాంట్రాక్టులో ఒక క్లాజు, డిమాండు ఉత్తరం మీద ఫలానా హోదా అధికారి సంతకం ఉండాలన్న నియమం, స్పష్టమైన ముగింపు తేదీ. వీటిని చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు.

ఇంకొకటి. ఈ మాట మీ ఫైల్లో రెండుచోట్ల ఉంటుంది. గ్యారంటీ ఇచ్చేముందు బ్యాంకు మీ కంపెనీ చేత కౌంటర్ గ్యారంటీ రాయించుకుంటుంది. క్లయింటుకు తాను కట్టినది మీరు ‘వితౌట్ డిమర్’ తిరిగి కట్టాలని అందులో రాస్తారు. మార్జిను కింద, అంటే బ్యాంకుకు ముందుగా భద్రతగా పెట్టిన ఎఫ్‌డీని బ్యాంకు జమ కట్టేసుకుని మిగతాది కట్టమన్నప్పుడు అడ్డుచెప్పడానికి మీకూ మాట మిగలదు. మొదటి కాగితాన్ని పదిమంది చదువుతారు. ఈ రెండోదాన్ని సంతకం పెట్టేవాళ్ళు కూడా సరిగా చదవరు.

మేనేజరుగారి ఉత్తరం సంగతి. ‘వుయ్ డిమర్ ఎట్ క్లాజ్ 12’ అని దిద్దితే వ్యాకరణం కుదురుతుంది. అయినా పంపవద్దనే నా సలహా. ‘మేం కొంచెం తటపటాయిస్తున్నాం’ అని వ్యాపార ఉత్తరంలో రాస్తే అవతలివాళ్ళు రేపు ‘సణిగారు, తర్వాత ఒప్పుకుని పని మొదలుపెట్టారు’ అని వాదిస్తారు. ఒప్పుకోకపోతే ఒప్పుకోవడం లేదనే రాయాలి: ‘వుయ్ డు నాట్ యాక్సెప్ట్ క్లాజ్ 12 ఇన్ ఇట్స్ ప్రెజెంట్ ఫామ్’. దాని కిందే మీకు కావలసిన మాటలు పూర్తిగా రాసి ఇవ్వాలి. డబ్బు కట్టక తప్పని పరిస్థితి, కానీ తగాదా వదులుకోకూడదు అన్నప్పుడు వాడాల్సింది ‘అండర్ ప్రొటెస్ట్’. ఇది ఊరికే నిరసన మాట కాదు, దీనికి చట్టంలో ఫలితం ఉంది. కస్టమ్స్ యాక్టు 27వ సెక్షను ప్రకారం సుంకం వాపసుకు ఏడాది లోపల దరఖాస్తు చేయాలి. ‘అండర్ ప్రొటెస్ట్’ కట్టిన సుంకానికి ఆ ఏడాది గడువు వర్తించదు. రాజాజీ సాలైలోని కస్టమ్ హౌసుకు వెళ్ళే ఏ క్లియరింగ్ ఏజెంటును అడిగినా చెబుతారు. చలానాతోపాటు ‘వుయ్ డిమర్’ అని ఉత్తరం పెడితే ఆ రక్షణ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మరి డిమర్‌ని ఎక్కడ వాడాలి? వేరేవాళ్ళ వైఖరిని వర్ణించేటప్పుడు. మీటింగు మినిట్స్‌లో, రిపోర్టులో, వ్యాసంలో. ‘ది కన్సల్టెంట్ డిమర్డ్, సైటింగ్ ది సాయిల్ రిపోర్ట్’ అంటే కన్సల్టెంటు మట్టి పరీక్ష చూపించి వెనకాడాడని ఒక్క మాటలో తేలిపోతుంది. అక్కడ ‘ఆబ్జెక్టెడ్’ అని రాస్తే ఆయన అన్నదానికంటే ఎక్కువ అన్నట్టవుతుంది, రేపు ఆయనే వచ్చి మినిట్స్ దిద్దమంటాడు.

కోర్టు వాడకం కూడా తెలిసి ఉంటే మంచిది. హైకోర్టు తీర్పుల్లో డిమరర్ అనే మాట తగులుతుంది. దాని సారం: ‘నువ్వు దావాలో రాసిందంతా నిజమే అనుకుందాం, అయినా నీకు దావా నిలవదు’. 2014లో చేబదులు ఇచ్చానని, తర్వాత ఏ చెల్లింపూ ఏ ఒప్పుకోలూ లేదని వాది తానే రాసుకుని 2019లో దావా వేశాడనుకోండి. మూడేళ్ళ కాలదోషం అతని కాగితంలోనే కనిపిస్తోంది. అప్పు ఇచ్చాడా లేదా అన్న రుజువుల్లోకే వెళ్ళకుండా ప్రతివాది అక్కడే అడ్డుకుంటాడు. ఇంగ్లాండులో డిమరర్ అనే విధానాన్ని 1883 నియమాలతో ఎత్తేశారు. అమెరికా ఫెడరల్ సివిల్ కోర్టుల్లో 1938లో పోయింది, కాలిఫోర్నియాలో ఇప్పటికీ నడుస్తోంది. మనకు ఆ పేరుతో ప్రత్యేక పిటిషను లేదు. సివిల్ ప్రొసీజర్ కోడులో ఆర్డరు 7 రూలు 11 కింద దావా తిరస్కరించమని అడగడం దాని పని చేస్తుంది. ‘నిజమే అనుకుందాం’ అనేది వాదన కోసం మాత్రమే, నిజంగా ఒప్పుకున్నట్టు కాదు.

చివరికి డెమరేజి. లాటిన్‌లో ‘మోరా’ అంటే ఆలస్యం. 2020లో రిజర్వు బ్యాంకు ఈఎంఐలకు ఇచ్చిన మారటోరియం మనకు తెలిసిందే, అదీ ఆ మొదలు నుంచి వచ్చిందే. పాత ఫ్రెంచిలో ఆగిపోవడం, నిలిచి ఉండటం అనే క్రియగా మారి ఇంగ్లీషులోకి వచ్చింది. డిమర్‌కి కూడా పాత అర్థం అదే, తర్వాత వెనకాడటంగా, ఆపైన అభ్యంతరంగా జరిగింది. డెమరేజి మాత్రం ఆలస్యం దగ్గరే ఉండిపోయింది.

అసలు డెమరేజి ఓడది. సరుకు దించడానికి 3 రోజులని ఒప్పుకుని 5 రోజులు పట్టిందంటే, రోజుకు 10,000 డాలర్ల రేటైతే 2 రోజులకు 20,000 డాలర్లు ఓడ యజమానికి కట్టాలి. ముందే ముగిస్తే ఎదురు ఓడ యజమానే డెస్పాచ్ అనే సొమ్ము ఇస్తాడు, సాధారణంగా సగం రేటుకు. రైల్వేలో వ్యాగను ఆపి ఉంచితే డెమరేజి, సరుకు షెడ్డులో వదిలేస్తే వార్ఫేజి. మాధవరంలో లారీ వాళ్ళు దీన్నే హాల్టింగ్ అంటారు.

మీ కంపెనీకి దిగుమతి కంటైనర్లు వస్తుంటే బిల్లులో పేరు కాకుండా కాలం చూడండి. కంటైనరు టెర్మినల్లో ఉన్న రోజులకు వేసేది ఒకటి, గేటు దాటాక ఖాళీ పెట్టె తిరిగి యార్డులో పెట్టేదాకా షిప్పింగ్ లైను వేసే డిటెన్షను ఇంకొకటి. ఒకే రోజుకు రెండూ పడ్డాయా అని తేదీలు పక్కపక్కన రాసుకుంటే తెలిసిపోతుంది. సరుకును కస్టమ్స్ వాళ్ళే నిలిపివేసి ఉంటే, 2009 నాటి హ్యాండ్లింగ్ ఆఫ్ కార్గో నియమాల ప్రకారం ఆ సరుకు మీద కస్టోడియన్ (సరుకును తన దగ్గర ఉంచుకునే సంస్థ) అద్దె గానీ డెమరేజి గానీ వసూలు చేయకూడదు, వేరే చట్టం ఏదీ అడ్డు రాకపోతే. దానికి కస్టమ్స్ నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నిలిపారో చెప్పే డిటెన్షన్ సర్టిఫికెట్ కావాలి. సరుకు విడుదలైన రోజే దానికి దరఖాస్తు పెట్టండి. బిల్లు కట్టేశాక అడిగితే వాపసు కోసం తిరగడమే ఒక ఉద్యోగం అవుతుంది.